డీజిల్ బండే బండా?

మా వైపు, అంటే కర్నూలు కడప జిల్లాల్లో (2022లో నంద్యాల వేరే జిల్లా అయింది గానీ నా నోటికి ఇంకా అదంతా కర్నూలే), ఎవరైనా సరుకు బండి కొనాలనుకుంటే ముందు ఓ పదిమందిని అడుగుతారు. ఆ పదిమందిలో సాఫ్ట్‌వేరు ఇంజనీరొకడుంటే వాణ్ణీ అడుగుతారు. ఇంజనీరని పేరుంది కదా మరి. జావాలో కోడు రాసేవాడికి జాకీ ఎక్కడ పెట్టాలో తెలియనక్కర్లేదని వాళ్ళకెవరు చెప్పాలి :-) "టాటా తీసుకుందామా అన్నా, మహీంద్రానా, లేలాండా? యా ఫైనాన్సు మేలు? డౌన్ పేమెంటు ఎంత కట్టాల?" ఇవన్నీ అడుగుతారు. డీజిలా పెట్రోలా అని మాత్రం ఒక్కడూ అడగడు. వాళ్ళ దృష్టిలో అది ప్రశ్నే కాదు. సరుకు బండి అంటేనే డీజిల్. పెట్రోలు బండి కొంటానని ఎవడైనా అంటే "అది బండా, ఆటోనా?" అని నవ్వుతారు.

నా గొడవంతా ఆ నవ్వుతోనే. ఎందుకంటే ఆ నవ్వుకి భయపడి లక్షో లక్షన్నరో ఎక్కువ అప్పు చేసి, రోజుకి నలభై కిలోమీటర్లు కూడా తిరగని బండికి డీజిల్ ఇంజను కొంటున్నారు జనం. మూడు కంతులు తప్పితే ఫైనాన్సోళ్ళు వచ్చి బండి ఎత్తుకుపోతారు. నవ్వినోళ్ళెవరూ అప్పుడు కంతు కట్టడానికి రారు.

ముందే చెప్తున్నా, డీజిల్ పనికిరాదు అని నేననట్లేదు. బేతంచెర్ల నుంచి బండలు మోసేవాడికి, కర్నూలు మార్కెట్ యార్డు నుంచి ఉల్లిగడ్డలు తాడేపల్లిగూడెం తోలేవాడికి పెట్రోలు కొనమని చెప్తే నన్ను చెప్పుతో కొట్టొచ్చు. నేననేది ఒక్కటే. ఇంజను ఎంచుకోవాల్సింది మోసే బరువునీ, తిరిగే కిలోమీటర్లనీ చూసి. మీసం చూసి కాదు.

అసలీ డీజిల్ భక్తి మనకెట్లా అబ్బింది? దానికి కారణాలున్నాయి, పూర్వం అవి న్యాయమైన కారణాలే. మెట్ట సేద్యం ఊళ్ళలో కరెంటు మోటార్లు రాకముందు బావి మీద ఆయిలింజను ఉండేది. ఊళ్ళో మెకానిక్ అంటే ఆయిలింజను విప్పి బిగించేవాడే. వాడి చేతికి తెలిసింది డీజిలే. 1986లో టాటా 407 వచ్చింది. 1994లో సుమో వచ్చింది (సినిమావాళ్ళు సీమ అనగానే సుమోలు గాల్లోకి లేపుతారు గానీ, మా వైపు సుమోలు ఎక్కువగా మోసింది పెళ్ళిళ్ళ జనాన్నీ, కర్నూలు పెద్దాసుపత్రికి పోయే పేషంట్లనీ). 2005 మేలో టాటా ఏస్ వచ్చింది, రెండు సిలిండర్ల 702 సీసీ డీజిలింజనుతో, పదహారు గుర్రాల శక్తితో. మనవాళ్ళు దాన్ని చిన్న ఏనుగు అన్నారు. ట్రాక్టరు అద్దెకి తెచ్చుకోలేనివాడు, ఎద్దుల బండి అమ్మేసినవాడు ఆ చిన్న ఏనుగుతోనే బతుకు మొదలుపెట్టాడు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

వీటన్నిటికన్నా పెద్ద కారణం రేటు. 2012 మేలో పెట్రోలు మీద ఒకేసారి ఏడున్నర రూపాయలు పెంచినప్పుడు ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు, డీజిల్ 41. ముప్ఫై రెండు రూపాయల తేడా! 2010 జూన్‌లో పెట్రోలు రేటుని సర్కారు వదిలేసింది, డీజిల్‌ని మాత్రం పట్టుకుని కూర్చుంది. అంత తేడా ఉన్నప్పుడు పెట్రోలు బండి కొనేవాడికి లెక్కలు రావనే అర్థం. అప్పుడు డీజిల్ కొన్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఆ రోజులు పోయాయి. 2013 జనవరి నుంచి నెలకి అర్ధ రూపాయి చొప్పున డీజిల్ పెంచుకుంటూ వచ్చారు. 2014 అక్టోబరులో డీజిల్‌ని కూడా పూర్తిగా వదిలేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిల్ రేటు పెట్రోలుని దాటిపోయింది కూడా. మన రాష్ట్రంలో ఇప్పుడు రెండిటి మధ్య తేడా పన్నెండు రూపాయల ప్రాంతం. తేడా మూడో వంతుకి పడిపోయింది, మన నమ్మకం మాత్రం 2012లోనే ఆగిపోయింది. మా భాషలో దీన్ని లెగసీ కోడ్ అంటాం. ఎందుకు రాశారో ఎవరికీ గుర్తుండదు, తీసేస్తే ఏం కూలిపోతుందోనని అందరికీ భయం, అందుకని ప్రతి కొత్త ప్రాజెక్టులోకీ దాన్ని కాపీ కొడుతుంటారు.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి "రేటు సంగతి వదిలెయ్ బ్బా, పుల్లింగ్ ఏదీ? పెట్రోలుకి పుల్లింగ్ ఉండదు" అంటారు. ఈ పుల్లింగ్ అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే సగం డీజిల్ బండ్లు ఈ ఒక్క మాట మీద అమ్ముడుపోతున్నాయి.

కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా (పాలకోవా తినకుండా ఆ ఊరు దాటినవాళ్ళు పాపాత్ములు). మూడు టన్నుల మొత్తం బరువున్న బండి, నూరడుగులకి ఏడడుగులు లేచే చఢావు ఎక్కుతోందనుకోండి. భూమి దాన్ని వెనక్కి లాగే బలం సుమారు రెండు వేల న్యూటన్లు, టైర్ల రాపిడి ఇంకో నాలుగైదు వందలు, మొత్తం రెండున్నర వేలు. గంటకి ముప్ఫై కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర కావలసిన శక్తి 21 కిలోవాట్లు, అంటే 28 గుర్రాలు. అంతే. ఈ లెక్కలో డీజిల్ అనే మాటా లేదు, పెట్రోలు అనే మాటా లేదు. పదో తరగతి ఫిజిక్సు. 1.2 లీటర్ల మామూలు పెట్రోలు కారింజను దీనికి రెట్టింపుకి పైగానే ఇస్తుంది.

మరి డీజిల్ బండి నడిపేవాడికి అదేదో లాగుతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? ఎందుకంటే డీజిల్ తన టార్కుని కిందనే, పదిహేను వందలు రెండు వేల చుట్ల దగ్గరే ఇచ్చేస్తుంది. టర్బో ఉంటే మరీను. డ్రైవరు గేరు మార్చకుండా, యాక్సిలరేటరు మీద కాలు అట్లాగే ఉంచి ఎక్కించేస్తాడు. పెట్రోలింజను అదే పని చెయ్యాలంటే గేరు తగ్గించి నాలుగు వేల చుట్ల మీద తిప్పాలి. అరుస్తుంది. ఆ అరుపు వినలేక మనవాడు ముందే పై గేరులోకి వేస్తాడు, బండి గుక్క తిప్పుకోలేక ఆగిపోతుంది, "సూడు, పుల్లింగ్ లేదు" అని తీర్పు చెప్పేస్తాడు. ఇంజను టార్కుని గేరు పెట్టె ఎన్ని రెట్లు చేస్తుందో చూడకుండా బ్రోషర్లో న్యూటన్ మీటర్లు చదివి తీర్పు చెప్పడం, ప్రాసెసరు గిగాహెర్ట్జులు చూసి కంప్యూటరు కొన్నట్టే.

డీజిల్ నిజమైన గొప్పతనం పుల్లింగ్ కాదు, పొదుపు. పెట్రోలింజను గాలిని పదో వంతుకి నొక్కితే డీజిలింజను పదహారు పదిహేడో వంతుకి నొక్కుతుంది, అందుకే ఇంధనంలోంచి ఎక్కువ పని రాబడుతుంది. తక్కువ లోడు మీద నడిచేటప్పుడు పెట్రోలింజను గొంతు నొక్కుకుని గాలి పీల్చుకున్నట్టు ఉంటుంది, డీజిలుకి ఆ బాధ లేదు. దీనికి తోడు లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా నూటికి పది పైచిలుకు శక్తి ఎక్కువ. రోజంతా బరువు మీద నడిచే బండికి ఇవన్నీ కలిసి బాగా డబ్బులు మిగులుస్తాయి. కాదనను. కానీ పొదుపు అనేది వాడితేనే వస్తుంది. ఇంటి ముందర వేపచెట్టు కింద నిలబెట్టిన డీజిల్ బండి రూపాయి కూడా మిగల్చదు.

అన్నట్టు ఘాట్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఎక్కడం గురించి ఇంత మాట్లాడతాం గానీ, ఘాట్లలో బండ్లు పోయేది ఎక్కువగా దిగేటప్పుడు. డీజిల్ మిగుల్చుకుందామని న్యూట్రల్‌లో దింపే మహానుభావులున్నారు చూడండి, వాళ్ళకి ఏ ఇంజనూ సాయం చెయ్యలేదు. ఎక్కిన గేరులోనే దిగాలి.

ఇప్పుడు అసలు లెక్క. ముప్పావు టన్ను ఎత్తే చిన్న బండి తీసుకుందాం, ఎందుకంటే మన ఊళ్ళలో ఎక్కువమంది మొదట కొనేది అదే. 2025లో టాటావాళ్ళు ఏస్ ప్రో అని పెట్రోలు బండి వదిలారు, మొదలు రేటు 3.99 లక్షలు. అదే ఏడాది డీజిల్‌లో ఏస్ గోల్డ్ ప్లస్ వదిలారు, 5.52 లక్షలు. రెండూ అచ్చంగా ఒకటే కాదు, డీజిల్‌ది కొంచెం ఎక్కువ మోస్తుంది. రేట్లు కూడా మారుతుంటాయి. తేడా లక్షన్నర అనుకుందాం. పెట్రోలు లీటరు 110, డీజిల్ 98 అని పెట్టుకుందాం. పెట్రోలు బండి లీటరుకి 16 ఇస్తుంది, డీజిల్ బండి 20 ఇస్తుంది అనుకుందాం. ఇవి నా అంకెలు. మీకు నచ్చకపోతే మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మారదు.

పెట్రోలుకి కిలోమీటరుకి 6 రూపాయల 88 పైసలు. డీజిలుకి 4 రూపాయల 90 పైసలు. మిగులు కిలోమీటరుకి 1 రూపాయి 98 పైసలు. బాగానే ఉంది కదా? కానీ ముందు పెట్టిన లక్షన్నర తిరిగి రావాలంటే 76 వేల కిలోమీటర్లు తిరగాలి. ఆ లక్షన్నర మీ జేబులోది కాదు, ఫైనాన్సుది. నూటికి పన్నెండు వడ్డీకి నాలుగేళ్ళు కడితే అది లక్షా తొంభై వేలు అవుతుంది. అంటే 96 వేల కిలోమీటర్లు. పొద్దున టమోటా బాక్సులు ముప్ఫై వేసుకుని పత్తికొండ మార్కెట్‌కి పోయి, వచ్చేటప్పుడు దాణా మూటలు వేసుకొచ్చే బండి రోజుకి నలభై కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడాదికి మూడొందల రోజులు పని దొరికినా (మా వైపు వానలు చూస్తే అది కూడా ఆశే) పన్నెండు వేలు. తొంభై ఆరు వేలు తిరగడానికి ఎనిమిదేళ్ళు!

ఎనిమిదేళ్ళ తరవాత నుంచి డీజిల్ మిగలబెట్టడం మొదలుపెడుతుంది. అప్పటికి కంతులు అయిపోయి నాలుగేళ్ళు, టైర్లు మూడుసార్లు మారి ఉంటాయి, బండి అమ్మకానికి పెట్టి ఉంటారు.

అదే బండి రోజుకి నూటిరవై తిరిగితే? ఏడాదికి 36 వేలు. రెండేళ్ళ ఎనిమిది నెలల్లో వడ్డీతో సహా తేడా తీరిపోతుంది, ఆ తరవాత ఏడాదికి డెబ్భై వేలు మిగులు. అప్పుడు కళ్ళు మూసుకుని డీజిల్ కొనండి. చూశారా, ఇంజను మారలేదు, బండి మారలేదు, రోడ్డు మారలేదు. తిరుగుడు మారింది, జవాబు మారిపోయింది. షోరూములో ఎవరైనా మిమ్మల్ని "రోజుకి ఎంత తిరుగుతారు?" అని అడిగారా? నాకు తెలిసి ఎక్కువగా అడిగేది "ఆధార్, పాన్ తెచ్చారా?" అని.

2012 నాటి ఢిల్లీ రేట్లతో ఇదే లెక్క వేస్తే డీజిల్ బండికి కిలోమీటరు ఇంధన ఖర్చు పెట్రోలు దాంట్లో నూటికి 45. ఇప్పుడు నూటికి 71. మన నాన్నలు చేసిన లెక్క వాళ్ళ కాలానికి సరిగ్గానే ఉంది. మనం ఆ జవాబునే కాపీ కొడుతున్నాం, ప్రశ్నపత్రం మారిందని చూసుకోకుండా.

ఇంకొకటి. పాత డీజిలింజను అంటే ఏమిటి? పంపు, నాజిళ్ళు, ఫిల్టర్లు. దారిలో ఆగితే గాలి తీసి (ఎయిర్ లాక్ అంటారు) చేత్తో పంపు కొట్టి స్టార్టు చేసేవాళ్ళు. ఆళ్ళగడ్డ సెంటర్లో చెట్టు కింద మెకానిక్ చేతితో విప్పి బిగించగలిగిన బండి అది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చాక డీజిల్ బండి అది కాదు. పొగలోని మసి పట్టుకోవడానికి డీపీఎఫ్ అని ఒక జల్లెడ పెట్టారు. ఆ జల్లెడ నిండితే దాంట్లోని మసిని కాల్చెయ్యాలి, దానికి పొగ వేడి ఆరు వందల డిగ్రీల దాకా పోవాలి. అంటే బండి కాసేపు ఆగకుండా ఒక ఊపు మీద నడవాలి. హైవే మీద నడిచే బండికి ఇది సమస్యే కాదు, కర్నూలు నుంచి నంద్యాల పోయేలోపు దానంతటదే కాలిపోతుంది. మూడు కిలోమీటర్లు పోయి ఆగి, రెండు కిలోమీటర్లు పోయి ఆగి, టీ తాగి, మళ్ళీ కిలోమీటరు పోయే బండికి జల్లెడ కాలదు. నిండుతుంది. లైటు వెలుగుతుంది. మనవాడు లైటు మీద స్టిక్కరు అంటిస్తాడు. ఆ తరవాత బండి శక్తి తగ్గించుకుని కుంటుతుంది, కంపెనీ వర్కుషాపుకి తోలుకుపోవాలి, ల్యాప్‌టాప్ తగిలించి చూడాలి, బిల్లు వేలల్లో వస్తుంది. కొన్ని బండ్లకి యూరియా నీళ్ళు కూడా పోయాలి, దానికో ట్యాంకు, దానికో సెన్సరు. అన్ని డీజిల్ బండ్లలోనూ ఇవన్నీ ఉంటాయని కాదు. పైన చెప్పిన ఏస్ గోల్డ్ ప్లస్‌లో యూరియా అక్కర్లేకుండా వేరే పద్ధతి పెట్టారు. కొనేముందు ఏది ఉంది, ఏది లేదు అని అడగండి అంటున్నా, అంతే.

"అవన్నీ పీకేస్తే సరిపాయె" అనేవాళ్ళున్నారు. జల్లెడ పీకించి పైపు వెల్డింగు చేయించేవాళ్ళు. ఒకటి, అది చట్టవిరుద్ధం. రెండు, ఆ మసి ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? డీజిల్ పొగ క్యాన్సర్ తెప్పిస్తుందని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫు క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. సుగ్గికి పోయేటప్పుడు కోసిగి, మంత్రాలయం వైపు జనం పిల్లాజెల్లాతో బండి వెనకాల కూర్చుని గుంటూరు దాకా మిరపకోతకి పోతారు. ఆ పొగ పీల్చేది వాళ్ళు, క్యాబిన్లో కూర్చునేవాడు కాదు.

మారుతీ వాళ్ళ సూపర్ క్యారీ సంగతి చూడండి. 2016లో అది 793 సీసీ డీజిలింజనుతో వచ్చింది. బీఎస్-6 రాగానే కంపెనీ డీజిల్ పూర్తిగా మానేసింది, ఇప్పుడా బండి 1.2 లీటర్ల పెట్రోలు, సీఎన్జీలతోనే వస్తోంది. చిన్న డీజిలింజనుకి ఈ జల్లెళ్ళూ సెన్సర్లూ తగిలిస్తే గిట్టుబాటు కాదని కార్లు చేసే కంపెనీకి అర్థమైంది. మనకి ఎప్పుడర్థమవుతుందో.

అమెరికా సంగతి కూడా కొంచెం. ఆంధ్రావాళ్ళు సగం మంది టెక్సాసులోనే ఉన్నారు కాబట్టి తెలిసే ఉంటుంది, అక్కడ పెద్ద పికప్‌లు అంటే మన లారీ అంత ఉంటాయి. ఫోర్డువాళ్ళ సూపర్ డ్యూటీలో రెండు రకాల ఇంజన్లు ఇస్తారు. 2020 మోడలు నుంచి 7.3 లీటర్ల పెట్రోలు వీ8, దానికి ముద్దుపేరు గాడ్జిల్లా. రెండోది 6.7 లీటర్ల టర్బో డీజిల్. ఏడు లీటర్ల పెట్రోలింజను! మన ఏస్ ఇంజన్లు పది కలిపితే అది. 2020లో పెట్రోలుది 430 గుర్రాలు, డీజిలుది 475. కానీ టార్కులో డీజిలు పెట్రోలుకి రెట్టింపు పైన. డీజిల్ కావాలంటే సుమారు పది వేల డాలర్లు అదనంగా కట్టాలి, పైగా అక్కడ మామూలు పెట్రోలు కన్నా డీజిలే సాధారణంగా ఖరీదు.

అక్కడ ఈ వాదన నడిచేది మీసాల మీద కాదని చెప్పను. అక్కడా మీసాలున్నాయి, చక్రాలు బయటికొచ్చేలా ఎత్తు పెంచుకుని నల్లపొగ వదిలే కుర్రాళ్ళున్నారు. కానీ పనిముట్లు వేసుకుని ఊళ్ళోనే తిరిగే కాంట్రాక్టరు పెద్ద పెట్రోలింజను కొంటే ఎవరూ నవ్వరు. పశువుల ట్రైలరు కట్టుకుని రాష్ట్రాలు దాటేవాడు డీజిల్ కొంటాడు. ఇద్దరికీ షోరూములో వాళ్ళ బండి దొరుకుతుంది. నేను చెప్పొచ్చేది అదే. డీజిల్ కంపెనీలు కూడా శుద్ధపూసలేం కాదనుకోండి. రామ్ పికప్‌లలో పెట్టిన ఇంజన్లు పొగ పరీక్షని మోసం చేశాయన్న కేసులో కమ్మిన్స్ కంపెనీ 2024లో 167 కోట్ల డాలర్ల పైన జరిమానాకి ఒప్పుకుంది.

మన దగ్గర ఆ ఎంపిక ఎక్కడుంది? ముప్పావు టన్ను దాకా పెట్రోలు దొరుకుతుంది. ఒకటిన్నర, రెండు టన్నులు మోసే తరగతికి రండి. బొలేరో పికప్, యోధా, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ చూడండి. డీజిల్, లేకపోతే కొన్నిటికి సీఎన్జీ. పెట్రోలు అనేదే లేదు. ఎందుకు లేదంటే "కస్టమర్లు అడగరు" అంటారు. లేనిదాన్ని కస్టమరు ఎట్లా అడుగుతాడు? హోటల్లో రాగిసంగటి పెట్టకుండా, సంగటి ఎవరూ తినట్లేదు అని చెప్పినట్టుంది. దశాబ్దాల పాటు సర్కారు డీజిల్ రేటు పట్టుకుని కూర్చోవడంతో బరువు మోసే పెట్రోలింజను తయారుచెయ్యాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. కార్ల పన్ను కూడా 1200 సీసీ దాటిన పెట్రోలింజనుని శిక్షిస్తుంది కాబట్టి కార్ల నుంచి తెచ్చి పెట్టుకోవడానికి కూడా పెద్ద పెట్రోలింజన్లు చవగ్గా లేవు. ఇప్పుడు రేట్లు దగ్గరకొచ్చాక కూడా అదే పాట.

టన్నున్నర బండి కొన్న ప్రతివాడూ బండలు తోలట్లేదు. టెంటు సామాన్లు, సౌండు బాక్సులు, పందిరి గుంజలు వేసుకుని పెళ్ళిళ్ళకి తిరిగేవాడు ఉన్నాడు. గ్యాసు సిలిండర్లు వేసేవాడు ఉన్నాడు. గొర్రెల్ని వారానికొకసారి సంతకి తోలేవాడు ఉన్నాడు. వీళ్ళకి జాగా కావాలి, బరువు కాదు. తిరుగుడు తక్కువ. రెండు లీటర్ల సాదా పెట్రోలింజను, టర్బో లేకుండా, జల్లెడ లేకుండా, చెట్టు కింద మెకానిక్ చూసుకోగలిగేటట్టు ఎవరైనా చేసిస్తే వీళ్ళకి సరిపోతుంది. లీటరుకి తొమ్మిదే ఇవ్వనీండి, రోజుకి పాతిక కిలోమీటర్లకి ఎంత తేడా వస్తుంది?

సీఎన్జీ ఉంది కదా అంటారు. ఉంది, కడప కర్నూలు పట్టణాల్లో, హైవేల మీద బంకులు వచ్చాయి. కానీ గ్యాసు కోసం ముప్ఫై కిలోమీటర్లు పోయి వరసలో నిలబడాల్సిన ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. బండి పట్నంలోనే తిరిగేదైతే, దారిలో బంకు ఉంటే, నిజంగా అదే మంచి బేరం. కరెంటు బండ్ల గురించి ఇంకోసారి రాస్తా, అది ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

ఇప్పుడు రెండో వైపు వాయించాలి, లేకపోతే అన్యాయం. హైదరాబాదులో, బెంగుళూరులో కూర్చుని "డీజిల్ డర్టీ అండీ, బ్యాన్ చెయ్యాలి" అనే మా సాఫ్ట్‌వేరు జనం ఉన్నారు. వాళ్ళ ఇంటి మెట్లకి, వంటింటి గట్టుకి వేసిన కడప బండ ఎట్లా వచ్చిందనుకుంటున్నారు? నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఒక్క బండ యాభై కిలోలు. ముప్ఫై నాలుగు బండలు వేస్తే 1.7 టన్నులు, పికప్ నిండిపోయినట్టే. మన వాళ్ళు అరవై డెబ్భై వేస్తారు, అది వేరే రోగం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు క్వారీ నుంచి పాలిషు ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఊళ్ళకి రోజంతా ఆ బరువు మీద, మే నెల ఎండలో నడిచే బండి అది. దానికి పెట్రోలింజను పెడితే రోజంతా నాలుగు వేల చుట్ల మీద అరిచి, సగం బాడుగ తాగేస్తుంది. అక్కడ డీజిలే దిక్కు. ఇంకో పదేళ్ళయినా అంతే అని నా అంచనా. బ్యాన్ చెయ్యాలనేవాళ్ళు ముందు ఆ డ్రైవరుకి ఏ బండి ఇస్తారో చెప్పాలి.

సర్కారు వారి సంగతి చెప్పకపోతే ఎట్లా. మన రాష్ట్రంలో పెట్రోలు మీద నూటికి 31, డీజిల్ మీద 22.25 వ్యాటు, దానిపైన లీటరుకి నాలుగు రూపాయలు అదనపు వ్యాటు, ఆపైన 2020లో వేసిన రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఆ రూపాయితో వేసిన రోడ్లు ఎక్కడున్నాయో ఆదోని వైపు పోయినవాళ్ళు చెప్పాలి. ఆలూరు, ఆదోని, మంత్రాలయం బండ్లు బళ్ళారికో రాయచూరుకో బాడుగ దొరికితే ట్యాంకు అక్కడే నింపుకొస్తాయి, కర్ణాటకలో డీజిల్ నాలుగైదు రూపాయలు తక్కువ కాబట్టి. సరిహద్దు పక్కన మన బంకులు ఈగలు తోలుకుంటున్నాయి. మీరు సరిహద్దు బండి వాళ్ళయితే నేను పైన వేసిన లెక్కలో డీజిల్ 98 తీసేసి మీ రేటు వేసుకోండి. పెట్రోలు కూడా అక్కడ తక్కువే కాబట్టి రెండూ మార్చాలి, ఒకటే మార్చి నా లెక్క తప్పని తిట్టొద్దు.

కొనబోయేవాళ్ళకి ఒకటే చెప్తా. పాత బండి ఉంటే ఒక నెల రోజులు పొద్దున సాయంత్రం మీటరు రాసుకోండి. లేకపోతే మీరు చేయబోయే బాడుగే చేస్తున్నవాడి పక్కన వారం రోజులు కూర్చుని రాయండి. క్యాలెండరు వెనకాల రాసినా చాలు. రోజుకి ఎనభై దాటితే, లోడు నిండుగా ఉంటే డీజిల్ షోరూముకి పోండి. యాభై లోపయితే పెట్రోలు, దారిలో గ్యాసు ఉంటే సీఎన్జీ. మధ్యలో ఉన్నవాళ్ళు తమ వడ్డీ రేటు పెట్టి లెక్క వేసుకోవాలి. ఎనభై, యాభై అనేవి నా చిన్న బండి లెక్కలోంచి వచ్చినవే, పెద్ద బండికి అసలు పెట్రోలు లేదు కాబట్టి అక్కడ అడగాల్సింది కంపెనీ వాళ్ళని. షోరూముకి పోయినప్పుడల్లా "పెట్రోలుది ఎప్పుడొస్తుంది?" అని అడిగి, వాళ్ళ రిజిస్టర్లో రాయించి రండి. నవ్వితే నవ్వనీండి, ఆ రిజిస్టరు పైకి పోతుంది.